దాని నడక

2011 సెప్టెంబర్ 14, బుధవారం

ఛీ.

మధ్యాహ్నం అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగలేదు. త్రినాథరావు గారు ఇచ్చిన సినిమా డిస్కు భోజనానికి ముందు పెట్టుకోవడం నాదే బుద్ధి తక్కువ. రెండు గంటలసేపు ఒకటే జిగట. ఆ జంతువు నోరు తెరిస్తే జిగట, మూస్తే జిగట. చెరువులోంచి లేస్తుంటే ఒంటి మీది పాచి గడ్డలు గడ్డలుగా జారుతుంది. నడివీధిలో నిలబడి కక్కుకుంటుంది. ఆ కక్కులో పడవలు, చేపలు, ఒక స్కూటరు. ఇంత డబ్బు పోసి ఇంత రోత తయారు చేయడానికి మనుషులకు మనసెట్లా ఒప్పుతుందో!

ఏదో ద్వీపదేశపు సినిమా. ఒక్క ముక్క అర్థం కాలేదు. మాటల కాగితాలు రాలేదట, ఇక రావట కూడా. "బొమ్మ చూసి రాసెయ్యవయ్యా. రాక్షసి సినిమాకి భాషేంటి?" అన్నాడు త్రినాథరావు గారు. ఆయనకు కొత్తపేటలో డబ్బింగ్ స్టూడియో ఉంది. చవగ్గా దొరికిన విదేశీ సినిమాలు కొని తెలుగు చేయించి వదులుతుంటాడు.

కానీ ఈసారి తెర మీద 'మాటలు: మధు' అని పడుతుంది. ఇన్నేళ్ళు సీరియళ్ళకు డబ్బింగ్ మాటలు రాశాను. ఒక్కదాంట్లోనూ పేరు లేదు.

సమ్మె మొదలైంది. సంధ్య వాళ్ళ బడికి తాళం వేసేశారు. టీచర్లంతా ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర టెంటు వేసుకుని కూర్చుంటున్నారు. తెలంగాణ వచ్చేదాకా లేవరట. ఇంట్లోకి సంధ్య జీతం రాదు. కాబట్టి ఈ రోత నేను రాయాల్సిందే.

సెప్టెంబర్ 16

మళ్ళీ చూశాను. అదేమిటో ముందు తేల్చుకోవాలి. అదేమిటో తెలియకుండా, దాన్ని చూసి పారిపోయేవాళ్ళు ఏమని అరుస్తారో ఎట్లా రాయను?

కప్ప కాదు. కప్పకు మెడే ఉండదు. దీనికి మెడ ఉంది, తిరగదు. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పుతుంది. ఆ తిప్పడంలో నాలుగు ఇళ్ళు కూలిపోతాయి. తోలు ఎనుబోతుది. వెన్ను నడిమికి విరిచి అతికినట్టు వంగి ఉంటుంది. మోకాళ్ళు రెండూ లోపలికి ఒరుసుకుంటాయి, పాదాలు చెరో దిక్కుకు. ఇలాంటి జంతువు పుట్టదు. పుడితే బతకదు. అంటే ముందు బాగానే ఉండి తర్వాత ఇట్లా అయింది. చెరువు ఒడ్డున ఒక ఫ్యాక్టరీని, పసుపుపచ్చటి నీళ్ళను మాటిమాటికీ చూపించారు. ఆ నీళ్ళే తాగి ఉంటుంది.

మరి ఏం తింటుంది? మనుషుల్ని మాత్రం తినలేదు. జాగ్రత్తగా చూశాను. దారిలో ఉన్నవాళ్ళను తొక్కింది, అంతే. తినేది లేనప్పుడు ఊరి మీదికి ఎందుకొచ్చింది? మగదో ఆడదో కూడా తెలియడం లేదు. ఒకచోట వంతెనకు ఒళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు అట్లాగే ఉండిపోతుంది. కథలో ఆ సీనుకు పనే లేదు. కత్తిరించకుండా ఎందుకు ఉంచారో.

ఆ నడక ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడో గుర్తు రావడం లేదు. ఏదో పాత సినిమాలో అయి ఉంటుంది.

అక్క గోడకు ఆనుకుని నిలబడి బియ్యం ఏరుతూ, కంప్యూటర్ చప్పుడుకు ఒళ్ళంతా ఇటు తిప్పింది.

"గదేంది తమ్మీ?"

"రాక్షసి అక్కా. సినిమా పేరు ఘోరకాయ."

"అదేం కాయనే? ఆనిగెపుకాయ అసొంటిదా? కూరొండుకుంటరా?"

సొరకాయ లాంటిదనుకుంది. ఇద్దరం నవ్వుకున్నాం. అక్క నవ్వితే నొప్పి లేస్తుంది, అందుకని నోరు మూసుకుని నవ్వుతుంది.

సెప్టెంబర్ 20

నిన్నటి నుంచి బస్సులు కూడా బంద్. చంపాపేట్ నుంచి కొత్తపేట దాకా నడిచే వెళ్ళాను. సందు చివర చెత్తకుప్ప పెరిగి సగం దారి మూసేసింది. కుక్క ఒకటి అందులో మూతి పెట్టి ఏదో తింటోంది. ముక్కు మూసుకుని దాటాను. దాటిన తర్వాత కూడా ఆ వాసన చొక్కాకు పట్టుకునే వచ్చింది.

త్రినాథరావు గారు మంచి మనిషే. కాఫీ తెప్పించాడు. సంధ్యను అడిగాడు. "మీ ఆవిడ టెంట్లో, నువ్వు నా స్టూడియోలో. బాగుందయ్యా మీ సంసారం" అని నవ్వాడు. తెనాలి నుంచి వచ్చి పాతికేళ్ళయిందట ఆయన. రాష్ట్రం వస్తే తన దుకాణం ఏమవుతుందోనని దిగులు ఉంది కానీ బయటికి చెప్పడు.

సగం దాకా రాసింది చదివి వినిపించాను. వింటూ వింటూ ఆవులించాడు.

"బాగుంది మధూ. కానీ జనం ఏడవటానికి రారు కదా. కామెడీ ఏదీ? ఆ చెరువు దగ్గర చేపలు పట్టేవాళ్ళిద్దరు ఉన్నారు చూడు, వాళ్ళని వాడుకో. వాళ్ళకి తెలంగాణ యాస పెట్టు. చించేస్తారు హాల్లో."

"ఇప్పుడు పరిస్థితి బాగాలేదు సార్. గొడవైతది."

"గొడవేంటయ్యా? హీరో, సైంటిస్టు మామూలుగా మాట్లాడతారు. వీళ్ళిద్దరూ సరదాగా మాట్లాడతారు. మీ వాళ్ళే ఎక్కువ నవ్వుతారు చూడు."

హీరో మాట్లాడేది మామూలు భాష. మా అక్క మాట్లాడేది సరదా. నాకు మండింది. మండిందని ఆయనకు చెప్పలేదు. 'చూస్తాను సార్' అన్నాను.

ఇంటికొచ్చి ఇది రాస్తుంటే ఇంకొకటి గమనించాను. నా డైరీ కూడా నేను పుస్తకాల భాషలోనే రాసుకుంటున్నాను. ఎవరు చూస్తారని?

సెప్టెంబర్ 23

ఇవాళ సంధ్య మీద కోపంతో ఒళ్ళు మండిపోయింది.

పొద్దున అక్కను ఆటోలో టెంటుకు తీసుకువెళ్ళింది. "వదినకు నలుగురిని సూసినట్టుంటది" అంది. నేను తర్వాత వెళ్ళి చూస్తే ఏముంది? అక్కను ముందు వరసలో, గుంజకు ఆనించి నిలబెట్టారు. ఎవరో మైకులో అరుస్తున్నాడు. "సూడుండ్రి! మర్రిగూడ మండలంల ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఒక ఆడిబిడ్డ బొక్కలు ఎట్ల వంకరపోయినయో సూడుండ్రి! గిందుకే గావాలె తెలంగాణ!" ఫోటోలవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని అక్క కాళ్ళ ఫోటోలు తీస్తున్నారు. జనం చప్పట్లు.

అతను చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా రోత పుట్టింది. ఒక మనిషిని చూపించి చప్పట్లు కొట్టించుకుంటారా?

ఇంటి దగ్గర ఆటో దిగాక అక్క అంది. "నా మొకం ఒక్కడు సూడలే తమ్మీ. అందరు కాళ్ళే సూశిండ్రు."

సంధ్యతో గట్టిగానే అన్నాను, సిగ్గుండాలని. నేను అన్నది న్యాయమే.

సెప్టెంబర్ 27

పొద్దున్నుంచి కరెంటు లేదు. స్టూడియోలో జనరేటర్ మీద నడిపించారు.

చేపలవాళ్ళ సీను పెట్టి చూస్తున్నాం. నేను, త్రినాథరావు గారు, సౌండ్ చూసే కార్తీక్. తెర మీద జంతువు ఒడ్డు వెంట వంకరకాళ్ళతో నడుచుకుంటూ పోతుంటే, ముసలి చేపలవాడు దాన్ని చూసి ఏదో అంటాడు. అని కళ్ళు తుడుచుకుంటాడు. పక్కన సైంటిస్టు అమ్మాయి తల దించుకుంటుంది. వాడేమన్నాడో దేవుడికే తెలియాలి.

త్రినాథరావు గారు ఉన్నట్టుండి తొడ చరిచాడు. "ఇది నల్గొండ నీళ్ళు తాగిందయ్యా!"

కార్తీక్ కుర్చీలోంచి పడేంత పని చేశాడు నవ్వి నవ్వి.

నేను కూడా నవ్వాను.

ఎందుకు నవ్వానో రాసుకోవాలి. వాళ్ళు నవ్వుతుంటే నవ్వకపోతే బాగుండదని నవ్వాను. అంతే. ఆయనకు అక్క సంగతి తెలియదు. నాది నల్గొండ జిల్లా అని తెలుసు, అది కూడా ఆ క్షణంలో మరిచిపోయి ఉంటాడు. మనసులో ఏమీ పెట్టుకుని అన్నది కాదు.

"రాసుకో, రాసుకో" అన్నాడు. రాసుకున్నాను. 'అరె, గిది నల్గొండ నీళ్ళు తాగిందిరో! కాళ్ళు సూడు!' తెర మీద ముసలివాడి పెదాలతో పోల్చి చూశాను. వాడి నోరు తెరుచుకున్న చోట తెరుచుకుంది, మూసుకున్న చోట మూసుకుంది. ఇన్నేళ్ళలో నేను రాసిన ఏ మాటా పెదాలకు ఇంత బాగా అతకలేదు.

సెప్టెంబర్ 28

డబ్బింగ్ రోజు తీసేస్తాను. అందాకా కాగితం మీద ఉంటే వచ్చే నష్టమేమిటి?

అక్టోబర్ 4

సద్దుల బతుకమ్మ. టెంటు దగ్గరే ఆడారు ఆడవాళ్ళంతా. అక్క రానంది. గునుగు పూలకు రంగులద్ది, బతుకమ్మను పేర్చి పంపింది.

అన్నం తింటున్నప్పుడు సంధ్య ఇవాళ టెంట్లో తను మాట్లాడిందంతా మళ్ళీ నాకు చెప్పింది. "సినిమాల మన భాష ఎవరు మాట్లాడ్తరు? రౌడీ, తాగుబోతు, పనిమనిషి. పొల్లగాండ్లు బడిల నోరు తెరువనీకె సిగ్గుపడ్తున్నరు. మస్తు చప్పట్లు కొట్టిండ్రు. అవునుగని, మీ రాక్షసి సిన్మాల ఏం భాష పెట్టిండ్రు?"

"రాక్షసికి భాషేముంటది?" అన్నాను.

"అది కాదు, మనుషులకు."

"మామూలుగనే."

పప్పు అడుగంటినట్టుంది. వాసన వచ్చింది. చేయి కడుక్కున్నాను.

సంధ్యకు ఆ జంతువు కథ మొదటిసారి చెప్పాను. విని, "దాని చెర్వు దానికి లేకుంట చేసిండ్రు. ఇంకెక్కడికి పోతది?" అంది. తనకు ఇప్పుడు ఎటు చూసినా ఉద్యమమే కనబడుతోంది. ఉదయలక్ష్మి గారేమో అది పిల్లలను వెతుక్కుంటూ వచ్చిన తల్లి అంటారు. సైంటిస్టు అమ్మాయికి గొంతు ఇచ్చేది ఆమే. ఎల్బీ నగర్‌లో ఉంటారు, వాళ్ళది కాకినాడ. త్రినాథరావు గారి లెక్కలో అది పగ. ఎవరి మీద పగో ఆయనకూ తెలియదు.

నాకు మాత్రం ఆ వంతెన సీనే అంతుపట్టడం లేదు. అంత పెద్ద జంతువు, పడుకోవచ్చు కదా. పడుకోదు. కూర్చోదు. ఆనుకుని నిలబడుతుంది.

అక్క వంటింటి గోడకు ఆనుకుని నిలబడే అన్నం తింది. ఇరవయ్యేళ్ళుగా అంతే.

రాశాను కదా. ఇంక ఆ నడక ఎక్కడ చూశానో తెలియదని రాయడానికి లేదు.

మా బోరు నీళ్ళు మంచివి కావని తెలిశాక అమ్మ నన్ను దేవరకొండ హాస్టల్లో వేసింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఇద్దరినీ పంపే స్తోమత లేదు. మగపిల్లవాడినని నన్ను పంపింది. అక్క ఊళ్ళోనే ఉండి ఆ నీళ్ళే మోసింది, ఆ నీళ్ళే తాగింది. పాతికేళ్ళు వచ్చేసరికి వంగిపోయింది.

తీసేస్తాను.

అక్టోబర్ 11

డబ్బింగ్.

ముసలి చేపలవాడికి చెప్పాల్సిన జంగయ్య రాలేదు. ఇబ్రహీంపట్నం నుంచి రావాలి, బస్సుల్లేవు. పొద్దున ఫోన్లో అతనికి ఆ మాట చదివి వినిపించారట కూడా. రాకపోవడానికి బస్సు ఒక్కటే కారణమో కాదో!

సీను తెర మీద పెట్టారు. ఉదయలక్ష్మి గారు మైకు ముందు నిలబడి నా కాగితం చూశారు. ముసలివాడి మాట తర్వాత 'సైంటిస్టు పగలబడి నవ్వుతుంది' అని రాసి ఉంది. అది త్రినాథరావు గారు చెబితే రాసిందే.

"మధుగారూ, ఇదేంటండీ? ఆ అమ్మాయి అక్కడ ఏడుస్తోందండీ. నన్ను నవ్వమంటారేంటి?"

"తల దించుకుంది కదండీ, నవ్వు ఆపుకుంటున్నట్టు కూడా అనుకోవచ్చు" అన్నాను.

ఆమె నా వైపు అదోలా చూశారు. "అది సరే. ఈ నల్గొండ నీళ్ళ మాట... నేను అక్కడ చూశానండీ వాళ్ళని. మా ఆయన బ్యాంకు పనిమీద వెళ్తే నేనూ వెళ్ళాను. పసిపిల్లలండీ. తీసేద్దామండీ ఈ మాట. నేను నవ్వలేను."

అప్పుడు నేను 'సరే' అంటే సరిపోయేది. తీసేద్దామని ఇన్ని రోజులుగా అనుకున్నదే కదా. కాకినాడ ఆవిడే తీసేయమంటోంది. నల్గొండవాడిని నేనేమన్నాను?

"సరదా మాటండీ. మావాళ్ళం మేమేమీ అనుకోము" అన్నాను.

నల్గొండవాడికి తను చెప్పడం తగదేమో అన్నట్టు ఆమె చిన్నబోయి, మైకు దగ్గరి నుంచి పక్కకు జరిగారు. "అయితే మీ ఇష్టం. నేను మాత్రం నవ్వను."

త్రినాథరావు గారు లోపలి నుంచి స్పీకర్లో అన్నాడు. "ఆవిడ నవ్వకపోతే మానె. జంగయ్య రాలేదుగా, ముసలాడికి నువ్వే చెప్పెయ్ మధూ. యాస నీ నోట్లో అయితే ఒరిజినల్‌గా ఉంటుంది."

చెప్పాను.

"ఇంకొంచెం సాగదియ్. తాగిందిరోఓఓ అని."

సాగదీశాను. కార్తీక్ అద్దం అవతల నవ్వుతూ బొటనవేలు చూపించాడు. ఒక్కసారికే ఓకే అయింది.

అక్టోబర్ 12

గొంతు పట్టేసింది. అక్క మిరియాల కషాయం కాచి ఇచ్చింది. తాగలేక పారబోశాను.

అక్టోబర్ 19

బళ్ళు తెరిచారు. సంధ్య నీరసంగా వెళ్ళింది. రాష్ట్రం రాలేదు. బస్సులు నడుస్తున్నాయి. సందు చివర చెత్త తీశారు, వాసన మాత్రం ఉంది.

నవంబర్ 18, శుక్రవారం

ఘోరకాయ విడుదల. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాల్లో వేశారు. గోడల మీద పోస్టర్లు. జంతువు నోట్లో మనిషి! వాళ్ళు తీయని సీను త్రినాథరావు గారు పోస్టర్ మీద గీయించాడు.

అక్క చూస్తానంటోంది. "నీ పేరు పడ్తదట గద. పది మందిల సూడాలె." హాల్లో ఏసీ ఎక్కువ, నీ కీళ్ళు పట్టేస్తాయి అన్నాను. మెట్లు ఎక్కువన్నాను. సినిమా బాగాలేదన్నాను, కక్కులు, జిగట, అసహ్యమన్నాను.

"నీ కక్కులు ఎత్తిపోసిన దాన్ని, నాకేం అసయ్యం?" అంది.

నవంబర్ 20, ఆదివారం

మ్యాట్నీకి వెళ్ళాం. సంధ్య టికెట్లు తెప్పించేసింది.

నేను ఆపలేదు. జంతువు అరుపుల్లో ఆ మాట వినబడదులే అనుకున్నాను. అక్కకు నా గొంతు తెలియదులే అనుకున్నాను. ఏం మనిషిని నేను!

అక్క సీటులో కూర్చోలేదు. చివరి సీటు అంచుకు నడుము ఆనించి, కాళ్ళు నడిచే దారిలోకి చాచి, సగం నిలబడ్డట్టుగా ఉంది. నా పేరు పడినప్పుడు సంధ్య ఈల వేయబోయి నోరు మూసుకుంది. అక్క ఆ పేరు చదవలేకపోయినా సంధ్య చూపించిన చోటికి చూసి రెండు చేతులూ జోడించింది.

జంతువు వచ్చింది. హాలంతా అరుపులు. అక్క అరవలేదు. కాసేపటికి నాలుక చప్పరించి "అయ్యో, దాని మోకాళ్ళు" అంది. వంతెన సీను వచ్చేసరికి ముందు వరసల వాళ్ళు 'కట్ చెయ్‌రా' అని గోల పెట్టారు. అక్క మాత్రం కదలకుండా చూసింది. జంతువు కళ్ళు మూసుకుంటే అక్క "ఆఁ" అని ఊపిరి వదిలింది. మనకు నడుము వాలినప్పుడు వస్తుందే, ఆ ఊపిరి.

తర్వాత చెరువు గట్టు. ముసలి చేపలవాడు. వాడి నోట్లోంచి నా గొంతు.

హాలు పగిలిపోయింది. ఆ సినిమా మొత్తానికి అంత నవ్వు ఇంకెక్కడా లేదు. ఈలలు, కాగితాలు. త్రినాథరావు గారు చెప్పింది నిజం. వెనక వరసలో కుర్రవాడొకడు, చొక్కా మీద 'జై తెలంగాణ' స్టిక్కర్ కూడా ఉంది, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

సంధ్య నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు. అక్క ఒళ్ళంతా నెమ్మదిగా నా వైపు తిప్పింది. తెర వెలుగులో మొహం కనబడింది.

"నీ గొంతే గద తమ్మీ?"

నేను 'ఊఁ' అన్నాను.

మళ్ళీ ఒళ్ళంతా తెర వైపు తిప్పుకుని చివరిదాకా చూసింది.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. అక్క నాలుగడుగులు వేసేసరికి మెట్ల మీది గుంపులోంచి ఎవడో సాగదీస్తూ అరిచాడు. "నల్గొండ నీళ్ళు తాగిందిరోఓఓ!" నేను ఎక్కడ సాగదీశానో సరిగ్గా అక్కడే. గుంపంతా ఘొల్లుమంది. నేను వెళ్ళి వాడి కాలర్ పట్టుకున్నాను. కొట్టేవాణ్ణే. అక్క వెనక నుంచి నా చొక్కా గుంజింది.

"ఇడ్సిపెట్టు. ఆ మాట నీది, గొంతు నీది. పిల్లగాణ్ణెందుకు పట్టుకుంటవ్?"

వాడికేమీ అర్థం కాలేదు. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి కాలర్ సర్దుకుని పోయాడు.

ఇంటికొచ్చాక సంధ్య అంది. "టెంట్ల కూసున్నన్ని దినాలు, మన భాషను సిన్మాలల్ల ఎట్ల ఎక్కిరిస్తున్నరో చెప్పిన. రాసేటోడు నా ఇంట్లనే ఉన్నడని తెల్వకపాయె."

"నువ్వు మాత్రం? అక్కను గుంజకు ఆనిచ్చి చప్పట్లు కొట్టించలేదా?" అన్నాను.

"కొట్టించిన. తప్పే. తెల్లారే వదిన కాళ్ళు పట్టుకొని చెప్పిన, తప్పయిందని. మీరు చెప్పిండ్రా?"

అక్క వంటింట్లో గోడకు ఆనుకుని ఉంది. అంతా వింటోంది. అక్కడి నుంచే అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

"అది సంపనీకి రాలే. కూసుండనీకి ఇంత జాగ దేవులాడుకుంట వచ్చింది. ఏడ ఆనుకుంటె ఆడ కూలిపాయె. నువ్వు గదంతా సూడలేదా తమ్మీ?"

చూశాను. ఎన్నోసార్లు చూశాను.

నవంబర్ 21

త్రినాథరావు గారికి అక్క గురించి చెప్పాను. హాస్టల్ నుంచి నిన్నటి కాలర్ దాకా అంతా. ఆయన మీద అరవాలనే వెళ్ళాను.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఒక్క మాట చెప్పొద్దటయ్యా నాకు? ఆ రోజే తీసి పారేసేవాణ్ణి కదా. నేనేదో నోటి దూలకొద్దీ అన్నాను. నువ్వు నవ్వావు. నువ్వే నవ్వేసరికి పర్వాలేదు కాబోలనుకున్నాను."

ఇంతకంటే ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

హాళ్ళలో ఆడుతున్నదాన్ని ఇప్పుడు మార్చలేమన్నాడు. టీవీకి ఇచ్చే కాపీలో మారుద్దామన్నాడు. మారుద్దామంటే మళ్ళీ నేనే చెప్పాలి. 'పాపం, కూసుండనీకి జాగ దేవులాడుకుంటున్నదిరా' అని చెప్పాను. పెదాలకు కలవలేదు. ముసలివాడి నోరు మూసుకున్నాక కూడా మాట నడుస్తూనే ఉంది. "అతకలేదన్నా, ఇంకోటి రాయి" అన్నాడు కార్తీక్. ఉండనివ్వమన్నాను.

నవంబర్ 25

దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద అప్పుడే దొంగ డిస్కులు వచ్చాయి. కుప్పలుగా పోసి అమ్ముతున్నారు. అమ్మేవాడు చిన్న టీవీలో ఏ సీను పెట్టి జనాన్ని పిలుస్తున్నాడో వేరే రాయక్కరలేదు. రోడ్డు దాటి అవతలి పక్క నుంచి వెళ్ళాను. అక్కడిదాకా వినబడింది.

నవంబర్ 29

అక్క మాట్లాడుతూనే ఉంది. అన్నం పెడుతుంది. కూర బాగుందా అంటుంది. అంతా మామూలే అనుకున్నాను.

మామూలు కాదు. నేను గదిలో ఉంటే అక్క నడవడం లేదు. గోడకు ఆనుకుని ఎక్కడుంటే అక్కడే ఉంటుంది. నీళ్ళు కావాలంటే సంధ్యను పిలుస్తుంది. నేను స్నానానికో బయటికో వెళ్ళేదాకా కదలదు. ఎన్నాళ్ళ నుంచి ఇట్లా ఉందో, నాకు ఇవాళే తెలిసింది.

సంధ్య ఎప్పుడో గమనించిందట.

డిసెంబర్ 2

తప్పయిందని ఇంకా చెప్పలేదు.

డిసెంబర్ 6

పొద్దున సంధ్య బడికి వెళ్ళింది. నేనూ బయల్దేరి, కింది దాకా దిగి, ఫోన్ మరిచిపోయానని మళ్ళీ పైకి వచ్చాను. తలుపు తీసేసరికి అక్క హాలు మధ్యలో ఉంది. ఎటు చూసినా గోడ దూరం. నన్ను చూసి ఎక్కడిదక్కడే ఆగిపోయింది. చేతిలో ఖాళీ చెంబు.

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. "పో అక్కా. నేను సూస్తలేను" అన్నాను.

అలికిడి లేదు. ఆమె ఊపిరి వినబడుతోంది. పైనుంచి నాదర్‌గుల్ విమానం ఒకటి గీపెడుతూ పోయింది. శిక్షణకు తిప్పే చిన్న విమానాలు అవి. దాని చప్పుడు పూర్తిగా పోయేదాకా అక్క కదలలేదు.

"ఇటు తిర్గు" అంది.

తిరగలేకపోయాను.

"తిర్గు తమ్మీ. నన్ను సూడు. సూస్తే ఏమైతది?"

తిరిగాను. అక్క నడిచింది. మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకున్నాయి. ఒక కాలు చుట్టూ తిప్పి వేసి, దాని మీద ఒళ్ళు నిలిపి, రెండోది లాక్కుంది. వేసిన ప్రతిసారీ పై పెదవిని పంటి కింద పట్టింది. అది నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళు ఆమె కాళ్ళు చూశానే గానీ, నడుస్తున్నప్పుడు ఆమె మొహం చూడలేదు. టెంటు దగ్గరి ఫోటోల వాళ్ళలాగే.

వంటింటి గడప దగ్గరికి చేరి, తలుపు చెక్కకు ఆనుకుని, నెమ్మదిగా ఒళ్ళంతా నా వైపు తిప్పింది. నుదుటి మీద చెమట.

"తప్పయిందక్కా" అన్నాను.

"ఏందీ?" అంది.

"తప్పయింది."

అక్క చెంబును తలుపు పక్కన పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంటున్న. ఇంకోపారి జెప్పు."

ఇంకోసారి చెప్పాను.